ఆదివారం సెలవు

తెనాలిలో మా అమ్మ కుట్టు షాపు తలుపు పక్కన ఒక రేకు బోర్డు పాతికేళ్లుగా వేలాడుతోంది. "పని వేళలు: ఉదయం 9 నుండి రాత్రి 8 వరకు. ఆదివారం సెలవు" అని పసుపు రంగు అక్షరాలు. బోర్డు రాయించిన రోజు నుంచి ఆరేళ్ల కిందటి దాకా అందులో ఒక్క మాటా నిజం కాదు. శ్రావణమాసంలో వ్రతాల జాకెట్లు, మాఘమాసంలో పెళ్లి జాకెట్లు, జూన్‌లో స్కూలు యూనిఫారాలు. రాత్రి పదకొండింటికి కూడా మెషీన్ నడుస్తూనే ఉండేది. ఆ చప్పుడు ఆగితేనే నాకు మెలకువ వచ్చేది.

ఆ మెషీన్ కట్టిన ఫీజులతోనే నేను పిహెచ్‌డి దాకా వచ్చాను. నా పరిశోధనాంశం తెలుగు కథల్లో స్త్రీల శ్రమ. మూడు వందల పేజీలు రాశాను. అందులో విశ్రాంతి అనే మాటకు ఒక్క అధ్యాయం కాదు కదా, ఒక్క పేరా కూడా లేదు. అది లేదన్న సంగతి నా వైవా అయిపోయి రెండేళ్లు గడిచాక గానీ నాకు తట్టలేదు.

తట్టడానికి కారణం ఒక పట్టు గుడ్డ. ఆరేళ్ల కిందట ఒక రాత్రి పదిన్నరకి అమ్మ పెళ్లికూతురి జాకెట్ కత్తిరిస్తూ, చేతులకు రావాల్సిన బార్డరు మీదుగా కత్తెర పెట్టేసింది. చీరతో పాటు నేసిన ముక్క అది, దానికి జత మళ్లీ దొరకదు. పాతికేళ్లలో అమ్మ చేతిలో అలాంటి తప్పు జరగలేదు. నష్టం తనే భరించింది. అదే వారం డాక్టరు బీపీ చూసి మందులు రాసిచ్చాడు, విశ్రాంతి తీసుకోమన్నాడు. బయటికొచ్చాక అమ్మ నన్నడిగిన మాట ఇది: "విశ్రాంతి సరేనే, నేను సెలవు చీటీ ఎవరికివ్వాలి?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే పనిగంటల గురించి మనం చదువుకున్న చరిత్రంతా కూలీల చరిత్ర. 1886లో చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం ప్రాణాలిచ్చారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలోనే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసుకుంది. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా వారానికి 48 గంటల పరిమితి, వారానికో సెలవు అని రాసుకుంది. వీటన్నిటిలోనూ ఎదురుగా ఒక యజమాని ఉన్నాడు. అతని విశ్రాంతి గురించి ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడాల్సిన అవసరమూ లేదు. ఇతరుల శ్రమ మీద అతనికి విశ్రాంతి అప్పటికే దొరుకుతోంది.

మరి యజమానీ కూలీ ఒకే మనిషి అయితే? 2023-24 శ్రామిక సర్వే లెక్కల్లో దేశంలో పనిచేస్తున్న స్త్రీలలో దాదాపు మూడింట రెండొంతుల మంది స్వయం ఉపాధి కింద కనిపిస్తారు. జీతం లేకుండా ఇంటి పొలంలో, ఇంటి దుకాణంలో సాయం చేసేవాళ్లు కూడా ఈ లెక్కలోనే ఉన్నారు. కర్రీ పాయింటు నడిపే ఆమె, పచ్చళ్లు పట్టి అమ్మే ఆమె, బ్యూటీ పార్లరు ఆమె, మా అమ్మ. వీళ్లని మనం 'సాధికారత' అనే మాటతో సన్మానించాం. తన గంటలు తన చేతిలోనే ఉన్నాయన్నాం. కానీ తన మీద తనే సమ్మె చెయ్యడం ఎలాగో ఏ సంఘమూ నేర్పలేదు.

పైగా షాపు షట్టరు దించితే పని అయిపోదు. 2019 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే ఖర్చు పెడుతున్నారు. చేసే పురుషులు 97 నిమిషాలు. అసలు ఆ పని ముట్టుకునే పురుషులే తక్కువ. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1989లో దీనికి 'రెండో షిఫ్టు' అని పేరు పెట్టింది. మా ఇంట్లో మొదటి షిఫ్టు తెల్లవారుజామున వంటింట్లో, రెండోది షాపులో, మూడోది మళ్లీ వంటింట్లో. 2023లో ఒక పెద్దమనిషి వారానికి 70 గంటలు పని చెయ్యమని యువతకు బోధించాడు, 2025 మొదట్లో మరొకాయన 90 గంటలన్నాడు, ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య ముఖం చూస్తారని కూడా అడిగాడు. ఆ తొంభై గంటలూ ఆయనకు వేళకి అన్నం వండి, బట్టలు సిద్ధం చేసిపెట్టిన చెయ్యి ఎవరిదో ఆయన ఊహకే రాలేదు. ఇంట్లో వండిపెట్టేవాళ్లు ఉన్న యజమాని అలసటా, వండిపెట్టాల్సిన యజమానురాలి అలసటా ఒకటి కావు.

సరే, అమ్మ చివరికి బోర్డు మాట నిజం చేసింది. సాయంత్రం ఏడింటికే షట్టరు దించడం మొదలుపెట్టింది, ఆదివారం అసలు తియ్యడం లేదు. లాభాలు కనిపించాయి. దీపాల వెలుతురులో కత్తిరించడం మానేసింది కాబట్టి గుడ్డ పాడవడం లేదు. విప్పి మళ్లీ కుట్టాల్సిన జాకెట్లు తగ్గాయి. "రేపు ఇచ్చేస్తానమ్మా" అని అబద్ధం చెప్పే అలవాటు పోయి, పట్టేన్ని ఆర్డర్లే పట్టడం నేర్చుకుంది. బీపీ అదుపులోకి వచ్చింది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో తేల్చాయి. అమ్మ వారానికి ఎన్ని గంటలు చేసేదో లెక్క వేసి చూసి నేను భయపడ్డాను.

అయినా ఈ లాభాల జాబితా నాకు పూర్తిగా నచ్చదు. విశ్రాంతి తీసుకుంటే పని బాగా జరుగుతుంది కాబట్టి విశ్రాంతి మంచిది, అనే వాదనలో ఒక మెలిక ఉంది. రేపు అలా జరగకపోతే? ఆ రెండు గంటలకు లాభం రాకపోతే ఆమెకు వాటి మీద హక్కు పోతుందా? మెషీన్‌కి నూనె వేసేది మళ్లీ తొక్కడానికే. మనిషి విశ్రాంతిని కూడా ఆ నూనె లెక్కలోనే వేస్తే అది పనికి మరో పేరు అవుతుంది. బెర్ట్రాండ్ రస్సెల్ 1932లో పనిలేని తీరికను పొగుడుతూ వ్యాసం రాసినప్పుడు, తీరిక కొద్దిమంది సొత్తుగా కాక అందరిదీ కావాలన్నాడు. ఆడ్రీ లార్డ్ 1988లో కాన్సర్‌తో బతుకుతూ తన ఒంటి సంరక్షణను రాజకీయ పోరాటంగా చూసింది. నల్లజాతి స్త్రీగా తను బతికి ఉండటమే కొందరికి ఇబ్బంది అని ఆమెకు తెలుసు. ఆ మాట మన దాకా వచ్చేసరికి ఫేస్‌ప్యాక్ ప్రకటన అయిపోయింది.

ఇక్కడితో ఆగిపోతే ఇది అమ్మ గెలుపు కథ. కానీ షాపులో అమ్మ ఒక్కతే లేదు. హెమ్మింగు, హుక్కులు, కాజాలు చేసే ఒక అమ్మాయి ఉంది. జాకెట్‌కి ఇంత అని ఆమె కూలి. షట్టరు ముందుగా దిగితే జాకెట్లు తగ్గాయి, జాకెట్లు తగ్గితే ఆమె కూలి తగ్గింది. మొదటి నెలాఖరుకి డబ్బు లెక్కపెట్టుకుని, "అక్కా, నీ రెస్టు నాకు ఆరొందలు పడింది" అంది నవ్వుతూనే. అమ్మ నవ్వలేకపోయింది.

దానికి వాళ్లిద్దరూ కనిపెట్టిన ఉపాయం మిగిలిన గుడ్డలు ఇంటికి పట్టుకెళ్లడం. ఆదాయం సర్దుకుంది, అందరూ సంతోషం. కొన్నాళ్లకు ఒక రాత్రి జాకెట్ ఒకటి అత్యవసరమై నేను ఆమె ఇంటికి వెళ్లాను. పదకొండు దాటింది. పక్కన పిల్లాడు నిద్రపోతున్నాడు, బల్బు కింద ఆమె హెమ్మింగు చేస్తోంది. మా ఇంట్లోంచి వెళ్లిపోయిన ఆ రాత్రి పదకొండు గంటలు ఎక్కడికి పోయాయో అప్పుడు తెలిసింది. అమ్మ ఆ సమయానికి హాయిగా పడుకుని ఉంది. ఆ నిద్ర అన్యాయమైనదని నేను అనలేను. అది న్యాయమైనదని అనే ధైర్యమూ నాకు లేదు.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాతి వారం గుడ్డలు ఇంటికి ఇవ్వడం మానేసి, జాకెట్ కుట్టు కూలి పెంచింది, పెంచిందాంట్లో సగం ఆ అమ్మాయికి చేర్చింది. కొందరు పాత ఖాతాదారులు వేరే షాపుకి వెళ్లిపోయారు. అమ్మ ఆదాయం ఇప్పటికీ మునుపటంత లేదు. విశ్రాంతికి ఖరీదు ఉంది, ఎవరో ఒకరు కడతారు. ఎవరు కడుతున్నారన్నదే నైతిక ప్రశ్న. బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిలకు కూర్చునే హక్కు కోసం కేరళ స్త్రీలు పోరాడితే 2018లో చట్టం సవరించాల్సి వచ్చింది, 2021లో తమిళనాడూ అదే దారి పట్టింది. ఒక కుర్చీ కోసం చట్టం కావలసి వచ్చిందంటే, విశ్రాంతి ఒంటికి సంబంధించిన విషయం మాత్రమే కాదని, అధికారానికి సంబంధించినదని ఒప్పుకోవాలి.

ఈ వ్యాసం ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టాను. యజమానుల విశ్రాంతి గురించి మొదటి పేరా రాస్తుంటే వెనక వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు. మా పనావిడకు ఆదివారం సెలవు లేదు. ఇంటి పనివారికి వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని చెప్పిన 2011 నాటి 189వ ఒడంబడికను మన దేశం ఇంకా ధ్రువీకరించలేదని సెమినార్లలో నేను చెబుతూనే ఉన్నాను. మా వంటింటి విషయంలో ధ్రువీకరించాల్సింది నేనే అని ఆ రోజు దాకా అనుకోలేదు. సదస్సులకు వెళ్లే మనం, పుస్తకాలు రాసే మనం, మన పేరు మీద ఏ దుకాణమూ లేకపోయినా యజమానులమే.

లోపలికి వెళ్లి, ఇకనుంచి ఆదివారాలు రావద్దని చెప్పాను. ఆమె చేతులు తుడుచుకుంటూ మొదట అడిగింది ఒకటే: "జీతం కొయ్యరు కదమ్మా?"

కొయ్యనని చెప్పాను. ఇప్పుడు ఆదివారం గిన్నెలు నేనూ మా ఆయనా తోముకుంటున్నాం. ఈ వ్యాసం అందుకే రెండు వారాలు ఆలస్యమైంది.