దుప్పికి మేత, పందికి కంచె

మేత దొడ్డిని జింకను బంధించడానికి కట్టరు. జింక వచ్చి తిని పోవాలి, తక్కిన జంతువులు రాకూడదు, అందుకు కడతారు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో పెద్ద పశుక్షేత్రాలున్నవాళ్లు కాళ్లమీద ఒక డబ్బా నిలబెట్టి, అందులో మొక్కజొన్న గింజలు నింపుతారు. పెట్టిన వేళకు గింజలు వాటంతటవే కిందికి చిమ్ముకుంటాయి. చుట్టూ నడుమెత్తుకు మించని ఇనుప కంచె ఉంటుంది. జింక ఒక్క గెంతులో దాన్ని దాటి లోపలికి వస్తుంది. అడవిపంది దాటలేదు, ఆవు దాటదు. కంచె లేకపోతే పందుల గుంపు రాత్రికి రాత్రే గింజలన్నీ తినేసి, డబ్బా కింది నేలను కుళ్లగించి పోతుంది. కరువు కాలంలో జింకలు బక్కచిక్కకుండా ఈ మేత కొంత ఆదుకుంటుంది. వేటకాలం వచ్చేసరికి అవి ఆ చోటుకు అలవాటుపడి ఉంటాయి. అప్పుడు కాస్త దూరంలో మంచెమీద తుపాకి పట్టుకున్న మనిషి కూర్చుంటాడు.

ఇది దానమా, ఎరా? భారతీయ చట్టం ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిర్వచిస్తూ చంపడంతోపాటు పట్టుకోవడం, ఉచ్చు పన్నడం, తరమడం, ఎర వేయడం కూడా ఆ మాటలోనే చేర్చింది. తుపాకి పేలనక్కరలేదు, పట్టుకునే ఉద్దేశంతో గింజలు చల్లినప్పుడే వేట మొదలైనట్టు. చెయ్యి చేసే పని ఒకటే అయినా, దాన్ని దానమనాలో ఎర అనాలో మనసును బట్టి తేలుతుందన్నమాట.

ఈ సంగతిని రెండు వేల ఏళ్లకు పైబడిన ఒక పాఠం ఇంకా లోతుగా తవ్వింది. పాలి త్రిపిటకంలోని మజ్ఝిమ నికాయంలో ఇరవై ఐదోది నివాప సుత్తం. నివాపం అంటే జింకల కోసం వేటగాడు వేసిన మేత. జింకలు చల్లగా పదికాలాలు బతకాలని అతను ఆ మేత వేయడు. తిని, మత్తెక్కి, ఏమరుపాటున చేతికి చిక్కాలని వేస్తాడు. జింకల మంద ఒకటి వచ్చి ఆబగా తిని చిక్కిపోయింది. రెండో మంద దాని గతి చూసి, మేత ముట్టకుండా అడవిలోకి పోయింది. ఎండాకాలంలో గడ్డీ నీళ్లూ కరువై, బక్కచిక్కి, చివరికి ఆ మేతకే తిరిగొచ్చి అదీ చిక్కింది. మూడో మంద తెలివైనది. దగ్గర్లోనే గుట్టుగా ఉంటూ ఒళ్లు మరవకుండా తినేది. వేటగాడు ఆ చోటు చుట్టూ తడికలు కట్టించి, వాటి పడక ఎక్కడో కనిపెట్టి పట్టేశాడు. నాలుగో మంద అతని అడుగు పడని చోట పడక ఏర్పరచుకుని అదే మేత తిన్నది, అయినా చిక్కలేదు.

వేటగాడు మనసును ప్రలోభపెట్టే మారుడు, మేత ఇంద్రియ సుఖాలు, జింకలు సాధకులు అని బుద్ధుడే విడమరిచి చెప్పాడు. చదివేవారిని ఆపి ఆలోచింపజేసేది మూడో మందే. తిండి విషయంలో దానికి ఏ లోపమూ లేదు, నిగ్రహమూ ఉంది. లోకం శాశ్వతమా కాదా అనే వాదాలకు అంటిపెట్టుకుని ఉండిపోయే సాధకులతో దాన్ని పోల్చారు. తినడంలో జాగ్రత్తపడి, నిలిచే చోటులో దొరికిపోయారు. గడ్డిని మాత్రం ఈ కథ ఎక్కడా తప్పుపట్టదు. నాలుగో మంద తిన్నదీ ఆ గడ్డే.

నిగ్రోధ మృగ జాతకంలో ఇదే దొడ్డి ఇంకో రూపంలో కనిపిస్తుంది. రాజుగారి నిత్యవేటతో తమ పనులు చెడుతున్నాయని కాశీ జనం తోటలో గడ్డి పెంచి, నీళ్లు పెట్టి, జింకలను అందులోకి తోలి తలుపు మూసేస్తారు. ఆపైన రోజుకొక జింక వంతు. జైనుల నేమినాథుడు తన పెళ్లి విందు కోసం దొడ్డిలో పెట్టిన జంతువుల అరుపులు విని, పెళ్లి మానుకుని సన్యసించాడు. బౌద్ధమైనా జైనమైనా మొదట చూసింది ఆ మేత వెనక కాచుకుని ఉన్న కత్తినే.

కత్తి లేకపోతే చిక్కు తీరిపోయిందనుకోవడానికి లేదు. భాగవతం పంచమ స్కంధంలో (తెలుగులో దీన్ని రాసినవాడు గంగన) భరతుడి కథ ఉంది. రాజ్యం వదిలి గండకీ తీరాన తపస్సు చేసుకుంటున్నాడు. సింహగర్జనకు బెదిరి ఏరు దాటబోయిన నిండుచూలాలైన జింక చనిపోయింది, ఏటిలో పడిన పిల్లను అతను ఒడ్డుకు తెచ్చాడు. లేత గడ్డి పెట్టాడు, తోడేళ్ల నుంచి కాచాడు, అది కాసేపు కనబడకపోతే కలవరపడ్డాడు. జపతపాలు ఒక్కొక్కటే జారిపోయాయి. జింకను తలుచుకుంటూ ప్రాణం విడిచి జింకగా పుట్టాడు. నివాప సుత్తంలో మేత తిన్నవాడు చిక్కితే, ఇక్కడ పెట్టినవాడు చిక్కాడు. కాపాడడం తప్పని భాగవతం అనలేదు. ఆ పిల్లను ఏట్లో వదిలేయమనే ధర్మం ఎక్కడా లేదు. చిక్కంతా కాపాడిన తర్వాత ‘నాది’ అనుకోవడంలో వచ్చింది.

‘నాది’ అనుకోకుండా పెట్టే దారి కూడా ఉంది. గృహస్థుకు చెప్పిన పంచ మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి: వండినదాంట్లో కొంత తక్కిన ప్రాణులకు తీసిపెట్టడం. మనుస్మృతి మూడో అధ్యాయం కుక్కలకు, కాకులకు, పురుగులకు ఆ అన్నం నేలమీద పెట్టమంటుంది. ఆ వరసలోనే వెలివేసిన మనుషుల్నీ రోగుల్నీ కూర్చోబెట్టింది. దాన్ని చూసీ చూడనట్టు దాటిపోవడం కుదరదు. ఆ మచ్చను మచ్చగానే చూస్తూ గమనించాల్సింది ఒకటుంది: భూతయజ్ఞానికి కంచె లేదు. వచ్చినవాడిదే వంతు. తెలుగు వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు ఏ చీమ తింటుందో ముగ్గు వేసిన ఇల్లాలికి తెలియదు. సంక్రాంతికి చూరుకు కట్టిన వరికంకుల కుచ్చులు ఏ పిచ్చుక పొడిచిందో రైతూ అడగడు. మేత దొడ్డి మాత్రం ముందే పంక్తి నిర్ణయిస్తుంది: దుప్పి అతిథి, పంది దొంగ. వేంకటాచలం మీద మొదటి దర్శనం, మొదటి నైవేద్యం వరాహస్వామివి. ఆ కొండ నీడలో ఉన్నవారికి పందిని ఆపే కంచె కాస్త విచిత్రంగానే తోచాలి.

చేత్తో పెట్టడమూ నిర్దోషం కాదు. అలిపిరి మెట్లదారిలో గాలిగోపురం దాటాక జింకల పార్కు ఉంది. కంచె సందుల్లోంచి దుప్పులకు ఏదో ఒకటి అందించడం నడకదారి భక్తులకు పుణ్యకార్యంగా అలవాటై ఉండేది. అయితే దుప్పి నెమరువేసే జంతువు. దాని పొట్టలోని సూక్ష్మజీవులు ఆకుకూ గడ్డికీ అలవాటుపడి ఉంటాయి. గింజలూ పిండిపదార్థాలూ ఒక్కసారిగా ఎక్కువగా పడితే పొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. తిండి దొరికే చోట జంతువులు గుమిగూడతాయి, వాటి వెంట చిరుతా వస్తుంది. 2023 ఆగస్టులో ఇదే దారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైంది. ఆ తర్వాత దారి వెంట జంతువులకు తిండి పెట్టవద్దని దేవస్థానం ఆంక్ష విధించింది. భక్తుడి మనసులో ఎర వేసే ఉద్దేశం లేదు, కానీ పెట్టిన తిండి ఎర చేసే పని చేసింది. మంచి మనసొక్కటే చాలదు, ఫలితం తెలుసుకోవడం కూడా అహింసలో భాగమే. జైనులు నడవడానికీ తినడానికీ అన్ని నియమాలు పెట్టుకోవడంలో ఉన్న భావం ఇదే.

అలిపిరి ఉన్న తిరుపతి జిల్లాలోనే, తూర్పు అంచున, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట ఉంది. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. ప్రయోగ కేంద్రం కోసం దీవిలోని ఊళ్లు ఖాళీ అయ్యాయి. వెనక మిగిలిన పశువులు మచ్చిక మరిచి అడవి పశువులయ్యాయి. చుక్కల దుప్పులు, ఆ పశువులు, అడవిపందులు ఒకే పొదల్లో మేస్తున్నాయి. పెట్టేవాడు లేడు, పంక్తిభేదం లేదు. వాన పడితే గడ్డి ఉంటుంది, లేకపోతే లేదు. భూతయజ్ఞానికి ఇంతకంటే దగ్గరి రూపం దొరకదనిపించవచ్చు. అయితే ఈ దీవికీ కాపలా ఉంది. దాని గేటు రాకెట్ల కోసం పెట్టినదే అయినా, దుప్పికి రక్షణ ఆ గేటు వల్లే దొరికింది. అది బయట నిలిపినవారిలో, అంతకుముందు ఆ అడవిలోనే తేనె, దుంపలు, కట్టెలు ఏరుకుని బతికిన యానాదులు ఉన్నారు.