పేరు కూడా ఒక అమానతే

చలికాలం వచ్చిందంటే మన మస్జిదుల వుజూఖానాల దగ్గర ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. కాళ్ళకున్న మేజోళ్ళు విప్పి కాళ్ళు కడగాలా, లేక తడి చేత్తో పైన మసహ్ చేస్తే సరిపోతుందా? ఆమధ్య ఒక వ్యాపారి సోదరుడు జుహ్ర్ నమాజుకు ముందు ఇమాము గారిని ఇదే అడుగుతున్నాడు. తన మేజోళ్ళు నూలువో నైలానువో, మందమెంతో, నీరు లోపలికి ఇంకుతుందో లేదో ఎంతో శ్రద్ధగా వివరించాడు. ఇమాము గారు ఓపిగ్గా విని, ఇవి పలుచనివి కాబట్టి విప్పి కడుక్కోమన్నారు. ఆయన మారు మాట్లాడకుండా విప్పేశాడు.

నమాజు అయింది. బయట చెప్పులు వేసుకుంటూ అదే సోదరుడు ఫోనులో ఎవరితోనో అంటున్నాడు: "బిల్లులో రేటు తగ్గించి వేయించు. సరుకు పేరు కూడా ఏదో ఒకటి రాయించు, డ్యూటీ తక్కువ పడేది." ఆయన తెప్పిస్తున్నది కూడా మేజోళ్ళే!

ఆయనను తప్పుపట్టడానికి ఈ సంగతి రాయడం లేదు. మనలో చాలామంది స్థితి ఇదే. కాలికున్న మేజోడు ఏ కోవలోకి వస్తుందో తెలుసుకోవడం ధర్మమని మనకు తెలుసు. పెట్టెలో ఉన్న మేజోడు ఏ కోవలోకి వస్తుందో నిజాయితీగా చెప్పడం మాత్రం 'దునియా వ్యవహారం' అనుకుంటాం. ఈ విభజన సరైనదేనా? కాస్త ఆలోచిద్దాం.

ఒక్క మేజోడు - ఎన్నో కోవలు

మన ధర్మవేత్తలు మేజోళ్ళను ఎంత సూక్ష్మంగా వర్గీకరించారో చూడండి. పూర్తిగా తోలుతో చేసినది 'ఖుఫ్'. ఉన్ని లేదా నూలుతో అల్లినది 'జౌరబ్'. దానికి పైన, కింద తోలు కప్పి ఉంటే ఒక పేరు, అడుగున మాత్రమే తోలు కుట్టి ఉంటే మరో పేరు. తోలు లేకపోయినా బాగా మందంగా ఉండి, కట్టకుండానే కాలికి నిలిచి, నడిస్తే చిరగనిది ఇంకొక కోవ. ఇమాం అబూ హనీఫా (రహ్మలై) మొదట తోలు ఉన్నవాటినే ఒప్పుకున్నారు. ఆయన శిష్యులు ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్ మందపాటి జౌరబ్‌లను కూడా ఒప్పుకున్నారు. ఈ వర్గీకరణ అంతా ఎందుకు? పేరును బట్టి ఆజ్ఞ మారుతుంది కాబట్టి.

విచిత్రమేమంటే, ప్రపంచ దేశాల సుంకాల పట్టిక కూడా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంది. బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన 'హార్మొనైజ్డ్ సిస్టం' 1988 జనవరి 1 నుండి అమలులో ఉంది. ఇందులో ప్రతి సరుకుకూ ఆరంకెల సంఖ్య ఉంటుంది. మొదటి ఆరంకెలు అన్ని సభ్య దేశాలలో ఒకటే. మన దేశం 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం కింద దాన్ని ఎనిమిదంకెలకు పొడిగించుకుంది.

మేజోళ్ళు, స్టాకింగులు, ఇతర హోజరీ సరుకు 6115 శీర్షిక కిందికి వస్తాయి. అయితే అవి అల్లినవై ఉండాలి. మగ్గంపై నేసిన గుడ్డతో కుట్టినవైతే 62వ అధ్యాయంలోని 6217కు పోతాయి. ఎత్తు 86 సెంటీమీటర్లు మించని పసిపిల్లల కోసం అల్లినవైతే 6111. అడుగున విడిగా అట్ట కుట్టి లేదా అతికించి ఉంటే అది ఇక మేజోడు కాదు, పాదరక్ష! 64వ అధ్యాయానికి వెళుతుంది. కాళ్ళ నరాలు ఉబ్బినవారు వేసుకునే, కింది నుండి పైకి క్రమంగా ఒత్తిడి తగ్గే స్టాకింగులకు 6115లోనే ప్రత్యేక స్థానం ఉంది.

ఆ తరువాత నూలు సంగతి. మేజోడులో 70 శాతం పత్తి, 25 శాతం నైలాను, 5 శాతం సాగే దారం ఉంటే అది పత్తి మేజోడే. ఎందుకంటే బరువులో ఏది ఎక్కువైతే మొత్తం దానితోనే చేసినట్లుగా లెక్కించాలన్నది నియమం. ఈ తేడాలు ఉత్త మాటలు కావు. అమెరికా సాధారణ పట్టికలో మామూలు పత్తి మేజోళ్ళకు 13.5 శాతం, సింథటిక్ వాటికి 14.6 శాతం, ఉన్ని వాటికి 11.3 శాతం సుంకం రాసి ఉంది. 2025 నుండి అక్కడ వేసిన అదనపు సుంకాలు వేరే సంగతి. మన దేశం కూడా 2018 ఆగస్టులో 328 రకాల వస్త్ర ఉత్పత్తులపై సుంకాన్ని 10 నుండి 20 శాతానికి పెంచింది. పేరు మారితే రేటు మారుతుంది. రేటు మారే చోటనే షైతాను కాచుకొని కూర్చుంటాడు.

సుంకం 'మక్స్' కాదా?

ఇక్కడ కొందరు సోదరులు ఒక బలమైన ప్రశ్న వేస్తారు. దైవప్రవక్త (స) 'మక్స్' వసూలు చేసేవారిని తీవ్రంగా హెచ్చరించారు కదా! ఈ కస్టమ్స్ సుంకం అదే కదా! అన్యాయమైన పన్నును ఎగ్గొడితే తప్పేమిటి?

ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. వర్తకులను దారికాచి ఇష్టం వచ్చినట్లు పిండుకునే వసూళ్ళను ఇస్లాం గర్హించింది. నేటి సుంకాలన్నీ మక్స్ కిందికే వస్తాయన్న పండితులూ ఉన్నారు. అయితే చరిత్రలో రెండో వైపు కూడా ఉంది. ముస్లిం వర్తకులు పరాయి రాజ్యాలకు వెళ్తే వారి నుండి పదో వంతు తీసుకుంటున్నారని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) రాయగా, ఆ రాజ్యాల వర్తకుల నుండి అంతే తీసుకోమని హజ్రత్ ఉమర్ (రజి) ఆదేశించారు. జిమ్మీ వర్తకుల నుండి ఇరవయ్యో వంతు, ముస్లింల నుండి జకాతు లెక్కన నలభయ్యో వంతు. 200 దిర్హములకు లోపు సరుకుపై ఏమీ లేదు. ఇమాం అబూ యూసుఫ్ తన 'కితాబుల్ ఖరాజ్'లో ఈ వివరాలు పొందుపరిచారు. ప్రజల అవసరాలకు ఖజానా చాలనప్పుడు పాలకుడు న్యాయంగా పన్ను వేయవచ్చని ఇమాం గజాలీ, ఇమాం షాతిబీ వంటి మహా పండితులు కూడా అభిప్రాయపడ్డారు.

కాబట్టి ఇందులో భిన్నాభిప్రాయం ఉంది. సరే, మొదటి అభిప్రాయమే సరైనదనుకుందాం. అప్పుడు పాపం తీసుకునేవాడిది. అంతమాత్రాన ఇచ్చేవాడికి అబద్ధం ఆడే అనుమతి వచ్చేస్తుందా? ప్రాణమో మానమో పోయే అగత్యంలో దౌర్జన్యం నుండి తప్పించుకోవడం గురించి ధర్మవేత్తలు చర్చించారు. మేజోళ్ళ బేరంలో లాభం పెంచుకోవడం అలాంటి అగత్యం కాదు కదా!

పైగా దిగుమతి వ్యాపారం ఎవరూ మన మెడపై కత్తి పెట్టి చేయించరు. మనమే దరఖాస్తు పెట్టి దిగుమతిదారు కోడ్ తీసుకుంటాం. 1962 కస్టమ్స్ చట్టం ప్రకారం బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేస్తూ, ఇందులోని వివరాలు నిజమని ప్రకటిస్తాం. 2011 నుండి సుంకాన్ని దిగుమతిదారే స్వయంగా లెక్కగట్టుకునే విధానం వచ్చింది. అంటే మన మాటను నమ్మి సరుకు వదులుతున్నారు. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా ఒప్పందాలను నెరవేర్చండన్న ఆజ్ఞతోనే మొదలవుతుంది. నమ్మినవాడి దగ్గర ఆడిన అబద్ధం రెండింతలు బరువైనది. ఒకటి అసత్యం, రెండు అమానతులో ద్రోహం.

"రాసింది నేను కాదు, ఏజెంటు" అనడం కూడా చెల్లదు. ఏజెంటు మన వకీలు. మనం చెప్పిన మాటనే అతను రాశాడు.

నష్టం ఎవరికి?

లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. జత 50 రూపాయల చొప్పున 20 వేల జతలు. విలువ 10 లక్షలు. సుంకం 20 శాతమైతే 2 లక్షలు. విలువ 6 లక్షలని రాయిస్తే సుంకం 1 లక్షా 20 వేలు. మిగిలింది 80 వేలు. అంటే జతకు 4 రూపాయలు! ఒక అబద్ధం ఖరీదు జతకు నాలుగు రూపాయలన్నమాట.

ఈ నాలుగు రూపాయలు ఆకాశం నుండి ఊడిపడలేదు. పక్క దుకాణంలో నిజం రాసి సరుకు తెప్పించిన సోదరుడు జతకు నాలుగు రూపాయలు ఎక్కువకు అమ్మాలి. అమ్ముడుపోక అతను దుకాణం మూసుకుంటే ఆ ఉసురు ఎవరికి? తిరుపూరులోనో లూధియానాలోనో అల్లిక మిషను ముందు నిలబడి పనిచేసే కూలీకి ఆ సుంకం ఒక చిన్న గొడుగు. దాన్ని చాటుగా చింపినవాళ్ళం మనమవుతాం. ఖజానాకు రావలసింది రాకపోతే ఆ భారం ఉప్పూ పప్పూ కొనుక్కునే పేదవాడి మీదికే మళ్ళుతుంది. తూకంలో తగ్గించేవారిని హెచ్చరిస్తూ ఒక సూరాయే అవతరించింది. దాని పేరే 'అల్ ముతఫ్ఫిఫీన్'. త్రాసులో తగ్గించడం, కాగితం మీద తగ్గించడం - రెండింటిలోనూ ఎదుటివాడి హక్కు తరుగుతుంది కదా!

సరుకును మార్చడం, పేరును మార్చడం

మరి సుంకం తగ్గించుకోవడమే తప్పా? కాదు. తక్కువ రేటున్న సరుకును ఎంచుకోవడం, ఒప్పందం ఉన్న దేశం నుండి నిజంగా అక్కడ తయారైన సరుకునే తెప్పించుకోవడం ధర్మసమ్మతమే. సరుకు మారితే పేరు మారడం సహజం. సరుకు మారకుండా పేరు మార్చడమే మోసం.

ఈ రెంటికీ మధ్య ఒక సన్నని సందు ఉంది. అమెరికాలో ఒక పెద్ద కార్ల కంపెనీ సరుకు రవాణా వ్యాన్లకు వెనుక సీట్లు బిగించి ప్రయాణికుల బండ్లుగా తెప్పించింది. రేవు దాటగానే ఆ సీట్లు తీసేసేది. 25 శాతం బదులు 2.5 శాతం సుంకం కట్టింది. 2019లో అక్కడి అప్పీలు కోర్టు ప్రభుత్వ వాదననే సమర్థించింది. 2024లో ఆ కంపెనీ 36 కోట్ల 50 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఈ కథ వింటే సబ్బాతు నాటి వారు గుర్తుకురావడం లేదూ? చేపలు పట్టవద్దన్న రోజున పట్టలేదు, ముందు రోజే వలలు పన్ని ఉంచారని వ్యాఖ్యాతలు చెబుతారు. పైకి మాట నిలబెట్టారు, లోపల దాన్ని వంచించారు. రేవు దాటగానే పీకేసే అట్టను మేజోడుకు కుట్టించడం కూడా ఇలాంటిదే.

సందేహం వస్తే

నిజాయితీపరుడికి కూడా సందేహం వస్తుంది. అడుగున రబ్బరు చుక్కలున్న మేజోడు మేజోడేనా, పాదరక్షా? నిజంగానే తికమక. ఇలాంటి చోట పొరపాటు పడటం పాపం కాదు. ఇమాము గారిని అడిగినట్లే ఇక్కడ కూడా ముందుగా అడగాలి. కస్టమ్స్ శాఖలో ముందస్తు తీర్పు చెప్పే అథారిటీ ఢిల్లీ, ముంబయిలలో 2021 నుండి పనిచేస్తోంది. నమూనా చూపి, దాచకుండా వివరాలన్నీ చెప్పి తీర్పు తీసుకోవచ్చు. తీర్పు నచ్చకపోతే అప్పీలు ఉంది. రేటు అన్యాయమనిపిస్తే వర్తక సంఘం ద్వారా అర్జీ పెట్టుకోవచ్చు. ఇవన్నీ తల ఎత్తుకొని చేసే పనులు.

ఇదివరకే తప్పు జరిగిపోయి ఉంటే? తౌబా ద్వారం మూసి లేదు. అయితే హక్కు తిరిగి ఇవ్వకుండా నోటితో చేసే తౌబా అసంపూర్ణం. 2025 నాటి ఆర్థిక చట్టం చేర్చిన 18ఏ సెక్షను సరుకు విడుదలైన తరువాత కూడా దిగుమతిదారు తన పత్రాన్ని తానే స్వచ్ఛందంగా సవరించుకునే దారి చూపింది. పట్టుబడక ముందే ఒప్పుకోవడానికి చట్టంలోనే చోటు ఉంది. అల్లాహ్ సన్నిధిలో ఎంత చోటు ఉంటుందో ఊహించండి!

సోదరులారా! ఆ రోజు ఆ వ్యాపారి సోదరుడు ఇమాము గారి ఒక్క మాటకు మేజోళ్ళు విప్పి చన్నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నాడు. అతనిలో దైవభీతి లేదని ఎలా అనగలం? ఉంది. అది వుజూఖానా దగ్గరే ఆగిపోయింది, అంతే. దాన్ని దుకాణం దాకా, రేవు దాకా, సంతకం పెట్టే కాగితం దాకా నడిపించుకుంటూ వెళ్ళడమే మన పని. ఆ కాగితాన్ని అధికారి చదవకపోవచ్చు. తీర్పుదినాన అది తప్పకుండా చదవబడుతుంది.

అల్లాహ్ మనందరికీ మాటలో, తూకంలో, రాతలో సత్యాన్ని అంటిపెట్టుకునే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.