స్పర్శ ఎవరిది?

ల్యాప్‌టాప్ ముందు కూర్చుండి, మీటల దిగువనున్న నునుపైన పలకపై చూపుడువ్రేలిని జరిపినంతనే తెరపై బాణపు గుర్తు కదలును. అదే పలకపై ఎండుపుల్లను గాని, ప్లాస్టిక్ కలము మూతను గాని ఎంతసేపు రాచినను అది చలింపదు. ఈ చిన్న భేదమును గమనించినవానికి ఒక ప్రాచీన ప్రశ్న మరల ఎదురగును. తాకుట మాత్రమే స్పర్శయా, లేక తాకితినని యెరుగుట స్పర్శయా?

ఆ టచ్‌ప్యాడ్ అడుగున సన్నని లోహపు రేఖలు అడ్డముగను నిలువుగను వలవలె పరచుకొని యుండును. ఒక్కొక్క అడ్డరేఖకు విద్యుత్ స్పందనమును పంపుచు, అందెంత భాగము నిలువురేఖలకు చేరినదో ఒక చిన్న చిప్ సెకనుకు ఇంచుమించు నూరుమార్లు కొలుచుచుండును. మన దేహము ఉప్పునీటితో నిండినదగుటచే విద్యుద్వాహకము. కావున వ్రేలు చేరువ కాగానే ఆ రేఖల నడుమనున్న విద్యుత్ క్షేత్రములో కొంత దానివైపు మరలిపోయి, నిలువురేఖకు చేరవలసినది తగ్గును. ఆ తగ్గుదల ఒక పికోఫారడ్‌లో కొద్దిపాలు. పికోఫారడనగా ఫారడ్‌లో లక్షకోట్లవ వంతు. అయినను, ఎవ్వరును తాకనప్పటి కొలతను ముందుగనే పదిలపరచుకొనియున్న చిప్, దానితో దీనిని పోల్చి, ఇరుగుపొరుగు రేఖల తగ్గుదలలనుండి వ్రేలి నడిబిందువును లెక్కకట్టును.

కావున ఆ పలకకు అందినది వ్రేలు గాదు, వ్రేలు కలిగించిన లోటు. కుండ లేని నేలను చూచి కుండ లేదని తెలిసికొనుటయు నిజమైన జ్ఞానమేయని మన తార్కికులు ఏనాడో నిర్ణయించిరి. 17వ శతాబ్దిలో ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున పదార్థములను ఏడుగా గణించి, అభావమును, అనగా లేమిని, అందు చేర్చెను. ఆ గ్రంథమే స్పర్శను చర్మేంద్రియము మాత్రమే గ్రహింపగల గుణముగా నిరూపించి, శీతము, ఉష్ణము, ఆ రెండును గానిది అని మూడు విధములుగా విభజించినది. ఈ మూడింటిలో ఒక్కటియు పలకకు అందదు. జ్వరముతో కాలుచున్న వ్రేలైనను, చన్నీళ్ళు తాకి తుడుచుకొన్న వ్రేలైనను దానికి లెక్క యొక్కటియే.

మన చర్మము మాత్రము చేయునదేమి, నాడులద్వారా మెదడునకు విద్యుత్ సంకేతములను పంపుటయే గదా యని పూర్వపక్షము చేయవచ్చును. ఆ సంకేతము నిజమే. కాని రాత్రివేళ బిడ్డ నుదుట చేయి వైచిన తల్లికి తెలియునది సంకేతము గాదు, వేడిమి. వేడిమితోపాటు, ఈ వేడిమి నా బిడ్డదను ఎరుక. హరికథలో లీనమైనవానికి పాదముపై చీమ ప్రాకినను తెలియదు. చర్మమున్నది, చీమయున్నది, సంయోగమున్నది. మనస్సు మాత్రము అచ్చట లేదు. ఇందువలననే న్యాయదర్శనము ననుసరించు నైయాయికులు ఇంద్రియమునకును ఆత్మకును నడుమ మనస్సును నిలిపి, జ్ఞానమును ఆత్మగుణముగా చెప్పిరి.

ఈ విషయమున నేను మిక్కిలి గౌరవించు సాక్షి యొకడు కలడు. 1971లో వెలువడిన ఇంటెల్ 4004 మైక్రోప్రాసెసర్ రూపకర్తలలో ముఖ్యుడైన ఫెడెరికో ఫాజిన్, 1986లో కార్వర్ మీడ్‌తో కలిసి సినాప్టిక్స్ అను సంస్థను స్థాపించెను. మెదడులోని నాడీజాలమును అనుకరించు చిప్‌లను నిర్మింపదలచిన ఆ సంస్థయే పిదప టచ్‌ప్యాడ్‌లకు ప్రసిద్ధి గాంచెను. యంత్రమునకు చైతన్యము కలిగింప వీలగునాయని చిరకాలము విచారించిన ఫాజిన్, 1990లో తనకు కలిగిన ఒక అంతరానుభవము పిమ్మట, చైతన్యము యంత్రమునుండి పుట్టునది గాదనియు, అదియే మూలమనియు నమ్మి, 2011లో చైతన్య పరిశోధనకై ఒక ఫౌండేషన్‌ను నెలకొల్పెను. ఒకని విశ్వాసము సిద్ధాంతమునకు ఋజువు కాజాలదు. అయినను యంత్రపు లోగుట్టు సమస్తము నెరిగినవాడు పలికినందున ఆ మాటను తేలికగా త్రోసివేయుట తగదు.

నా నిశ్చయమిది: పలక మార్పును కొలుచును, స్పర్శను ఎరుగదు. ఎరుక మనకు దక్కిన భాగ్యము. మనస్సు నిలువనిచో ఆ భాగ్యము మనకును లేనట్లే. పాఠకులారా, దినమంతయు ఆ పలకపై తిరుగాడిన వ్రేళ్ళతోనే, నేటి రాత్రి మంచముపట్టిన పెద్దల పాదములనో, నిదురించు పసివాని తలనో, మనస్సును అచ్చటనే నిలిపి ఒక్క నిమిషము తాకి చూడుడు.