అనుకరణమునకు లొంగనిది

గతకాలపు దైనందిన జీవితమును కన్నులకు కట్టునట్లు మరల నిలువఁబెట్టవలెనని మానవుఁడు చేసిన ప్రయత్నములలో, అమెరికాయందలి మసాచుసెట్స్ రాష్ట్రమున ప్లిమత్ పట్టణమునందు 1947లో స్థాపింపఁబడిన ప్రదర్శనశాల మిక్కిలి ప్రసిద్ధమైనది. 1620లో మేఫ్లవర్ ఓడపై వచ్చి దిగిన వలసవారి పల్లె 1627 నాఁటికి ఎట్లుండెనో ఊహించి, కొయ్యయిండ్లను, దడులను, పెరటితోఁటలను అచటఁ గల్పించి, నాఁటి దుస్తులతో నాఁటి యాసలో మాటలాడు స్త్రీపురుషులను అందు నిలిపిరి. పొయ్యి యెదుట కుండలోని పులుసు కలియఁబెట్టుచున్న యిల్లాలిని రైలును గూర్చి యడిగినచో, అట్టి మాట తానెన్నఁడును వినలేదని తెల్లఁబోవును. అదే యిల్లాలు అన్నమునకు ముందు కన్నులు మూసి దైవమును స్మరించినచో, అది ప్రార్థనయా, ప్రార్థనకు అనుకరణమా?

మన ఆలంకారికులలో శ్రీశంకుకుఁడు, రాముని వేషముననున్న నటుని చిత్తరువులోని గుఱ్ఱముతోఁ బోల్చి, ఆ ప్రతీతి సత్యమనిగాని మిథ్య యనిగాని చెప్పరానిదనెను. ప్రేక్షకుని అనుభవమునకు ఈ సమాధానము చాలును. దైవసన్నిధిని నిలిచినవానికిఁ జాలదు.

ప్రార్థనకు ప్రాణము భయమును, ఆశయును. మేఫ్లవర్ ప్రయాణికులు 102 మందిలో ఇంచుమించు సగము మంది మొదటి చలికాలమునందే మృతినొందిరి. మిగిలినవారు విత్తనము నాటునపుడు, పంట యింటికి వచ్చునో, తామే మట్టిలోఁ గలియుదురో యెఱుఁగరు. ఆ కథ యెట్లు నడిచెనో నేఁటి నటునకుఁ దెలియును; ప్రొద్దుగ్రుంకినంతనే వేషము విప్పి యింటికిఁ బోవును. గొడ్డలిని, గుడిసెను, యాసను పునర్నిర్మింపవచ్చునుగాని ఆ తెలియనితనమును పునర్నిర్మింపజాలము.

ఆ ప్రదర్శనశాలయందే వాంపనోగు జాతివారి నివాసమొకటి కలదు. అందలి ఆదిమజాతీయులు పూర్వుల దుస్తులు ధరించి, చెట్టుమ్రానును నిప్పుతోఁ దొలిచి పడవ చేయుచును, గతకాలపువారమని నటింపక నేఁటి మనుష్యులుగానే బదులు చెప్పుదురు. తమ జాతి కథ ఇంకను సాగుచుండఁగా దానిని అభినయింపవలసిన పని వారికేమి?

స్వీడన్ రాజధానియగు స్టాక్‌హోంలో 1891లో ఆర్టూర్ హాజెలియస్ స్థాపించిన స్కాన్సెన్‌లో, నానాప్రాంతములనుండి విప్పి తెచ్చి నిలిపిన పాత యిండ్ల నడుమ, 1730 నాఁటి సెగ్లోరా చర్చి యొకటి కలదు. చుట్టునున్న పాత యిండ్లలో కాపురమును చూపుదురేగాని యెవరును కాపురముండరు; ఈ చర్చిలో మాత్రము వధూవరులు నిజముగనే పెండ్లియాడుచున్నారు. వారి ప్రమాణము సాయంకాలముతోఁ దీరునది కాదు. దాని ఫలమెట్టిదో, అచటనే పూర్వము చేతులు కలిపినవారివలె, వారును ఎఱుఁగరు.

ఇట్టి ప్రదర్శనశాలలు నిష్ప్రయోజనములని నా తాత్పర్యము కాదు. పూర్వులు ఏమి తినిరో, ఎట్లు శ్రమించిరో అవి చక్కఁగాఁ దెలుపును. కాని వారితో మనకుఁ గల బంధుత్వమును మాత్రము వారి పనిముట్టు పట్టి సంపాదింపలేము. పరికరములు మాఱును, దేవతానామములు మాఱును. ఫలము తన చేతిలో లేదని తెలిసియు మాట యీయవలసిన, విత్తవలసిన, మ్రొక్కవలసిన స్థితి మాఱదు. ఆ స్థితిలో నిలిచి చేసిన కర్మ యేనాఁటి దుస్తులలోఁ జేసినను నిజమే యగును.