వేషం కడిగేసుకుంటేనే

మొన్న అన్నోజిగూడలో మా రూమ్‌లో ‘ప్రిసిల్లా’ (1994) చూశాను. ముగ్గురు డ్రాగ్ కళాకారులు బస్సులో ఆస్ట్రేలియా ఎడారి దాటుతుంటారు. బ్రోకెన్ హిల్‌లో రాత్రి బార్లో జనం వాళ్లతో కలిసిపోతారు. తెల్లారేసరికి బస్సు మీద ఎవరో బూతులు రాసుంటారు. అప్పటిదాకా నవ్వుతున్నవాణ్ని, ఆగిపోయాను.

సత్యభామ వేషానికి పేరుపడ్డ స్థానం నరసింహారావుకీ, వేదాంతం సత్యనారాయణ శర్మకీ పద్మశ్రీలొచ్చాయి. ‘చిత్రం భళారే విచిత్రం’లో చీర కట్టిన నరేష్‌ని చూసి ఇప్పటికీ పడీపడీ నవ్వుతాం. ఆటయ్యాక వేషం కడిగేసుకుని మగవాళ్లుగా ఇంటికెళ్తారన్న ధీమా ఉంది చూడండీ, మన చప్పట్లలో సగం దానికే అనుకుంటాను. మరి ఆ ముగ్గురిలో బెర్నడెట్ ట్రాన్స్ మహిళ. ఆమె కడిగేసుకోడానికి ఏముంది?

మనం మెచ్చేది కళని, అంటారా? సరే. పోయినవారం ఉప్పల్లో బస్సెక్కాను. ఒక ట్రాన్స్ మహిళ పక్కన సీటు ఖాళీ. “కూర్చో తమ్ముడూ” అంది.

“పర్లేదు, దగ్గర్లోనే దిగిపోతా” అన్నాను.

అన్నోజిగూడ ఇంకా పది కిలోమీటర్ల పైనే.