చెట్టు కొట్టిన పాపం ఎవరిది?

ప్రతి ఏడూ జూలైలో మన బడిలో వనమహోత్సవం జరుపుకుంటాం. 1950లో కేంద్రమంత్రిగా ఉన్న కె.ఎం.మున్షీ గారు మొదలుపెట్టిన పండుగ ఇది. ఆ రోజు బొమ్మల పోటీ కూడా ఉంటుంది. మీరు గమనించారో లేదో, ఆ బొమ్మల్లో సగం ఒకేలా ఉంటాయి. ఏడుస్తున్న చెట్టు, పక్కన పెద్ద మీసాలతో గొడ్డలి పట్టుకున్న మనిషి. ఆ మనిషిని పిలిచింది ఎవరు? కొట్టిన చెట్టు ఎవరింటికి తలుపయింది? ఇది ఏ బొమ్మలోనూ ఉండదు.

మా మేనమామది చెట్లు కొట్టే పని. బరంపురంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఎవరు పిలిస్తే వాళ్లింటికి వెళ్తాడు. ఆయనకు మీసాలు లేవు. "చెట్టు కొడితే పాపం కదా, మీ మావయ్యకు తగలదా?" అని క్లాసులో నన్ను అడిగినవాళ్లున్నారు. నాకు కోపం వచ్చింది గానీ, ప్రశ్న మాత్రం మంచిదే. దానికి జవాబు ఆలోచించాలంటే ముందు ఆ పని ఏమిటో తెలియాలి.

మావయ్య చెట్టు దగ్గరికి వెళ్లగానే గొడ్డలి ఎత్తడు. ముందు చుట్టూ తిరుగుతాడు. మాను ఎటు వాలి ఉంది, కొమ్మల బరువు ఎటు ఎక్కువ, గాలి ఎటు వీస్తోంది, కరెంటు తీగ ఎంత దూరంలో ఉంది, అన్నీ చూసుకుంటాడు. గొడ్డలి వెనకవైపుతో మాను మీద తట్టి వింటాడు. గట్టి చెట్టయితే చప్పుడు గట్టిగా వస్తుంది. లోపల పుచ్చిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది. మొదట్లో పుట్టగొడుగులు మొలిచి ఉంటే వేళ్లు కుళ్లాయేమోనని అనుమానిస్తాడు. తేనెపట్టు ఉందా, గూళ్లు ఉన్నాయా, తొర్రలో పాముందా అన్నది ఆ తర్వాత.

ఖాళీ స్థలంలో అయితే చెట్టును మొదట్లోనే కోస్తారు. పడాల్సిన వైపు ముందు ఒక గాటు పెడతారు, పుచ్చకాయ ముక్క తీసినట్టు. అది మాను మందంలో నాలుగో వంతు దాటకూడదు. తర్వాత వెనకవైపు నుంచి, ఆ గాటు కంటే కాస్త పైన, రంపంతో కోసుకుంటూ వస్తారు. రెండు కోతల్నీ మాత్రం కలపరు. మధ్యలో మందంలో పదో వంతు చెక్క విడిచిపెడతారు. అదే తలుపు బందులా పనిచేసి చెట్టును అనుకున్న వైపుకు వంచుతుంది. అది కూడా తెగిపోయిందంటే చెట్టు ఎటు పడుతుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. చెట్టు కదలగానే మనిషి దానికి సరిగ్గా వెనక్కి పరుగెత్తకూడదు. మాను నిలువునా చీలి వెనక్కి తన్నొచ్చు. అందుకే ఏటవాలుగా తప్పుకోవాలి, ఆ దారి ముందే శుభ్రం చేసి పెట్టుకోవాలి.

ఇళ్ల మధ్య ఇలా కుదరదు. నడుముకు మోకు కట్టుకుని పైకెక్కి, ఒక్కో కొమ్మనూ తాడుతో కట్టి, కోసి, మెల్లగా కిందికి దించుతారు. కొమ్మను ముందు కింది నుంచి కొంచెం కోసి, తర్వాతే పైనుంచి కొయ్యాలి. లేకపోతే కొమ్మ విరిగేటప్పుడు మాను బెరడు కూడా చీరలా చిరిగి వచ్చేస్తుంది. మునగచెట్టు మాత్రం మావయ్య ఎక్కడు, కొమ్మలు పెళుసు. మనవాళ్లు ఊరికే పొగిడేవాణ్ణి 'మునగచెట్టు ఎక్కిస్తున్నాడు' అనడం ఎందుకో నాకు అప్పుడే అర్థమైంది.

ఇంత నేర్పు ఉన్న పనిని పాపం అనేస్తే సరిపోతుందా? నేర్పు ఉన్నంత మాత్రాన మంచి పని అయిపోదు, తాళాలు తీసే దొంగకూ నేర్పు ఉంటుంది. కాబట్టి నేర్పును బట్టి జవాబు దొరకదు.

మన పెద్దలకు ఈ విషయంలో ఏదో బెరుకు ఉండేదని మాత్రం తెలుస్తుంది. వరాహమిహిరుడు బృహత్సంహితలో, విగ్రహం కోసం చెట్టు కొట్టే ముందు పూజ చేసి, ఆ చెట్టు మీద ఉండే ప్రాణులను వేరే చోటికి వెళ్లమని ప్రార్థించాలని రాశాడు. మన ఒడిశాలోనే పూరీ జగన్నాథుడి నవకళేబరం 2015లో జరిగింది. అంతకు ముందు 1996లో. కొత్త విగ్రహాలకు వేపచెట్లు కావాలి. యజ్ఞం చేసి, ముందు బంగారు గొడ్డలి, తర్వాత వెండి గొడ్డలి తాకించి, అప్పుడే ఇనుప గొడ్డలి వాడతారు. దేవుడి కోసమే అయినా నేరుగా ఇనుము పెట్టలేదు చూడండి. మావయ్య కూడా పెద్ద చెట్టయితే కర్పూరం వెలిగిస్తాడు. దాంతో పాపం కడిగేసినట్టు అవుతుందని నేను నమ్మను. కానీ కర్పూరం ఆరేదాకా చెయ్యి ఆగుతుంది. ఆ కాసేపట్లో మనిషి ఆలోచించొచ్చు.

మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ ఉంది. మిథిలలో మాంసం అమ్ముకునే అతని దగ్గరికి కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం తెలుసుకోవడానికి వెళ్తాడు. నాగలితో దున్నేటప్పుడు నేలలో ఎన్నో ప్రాణులు చస్తాయి, మనం తినే ధాన్యపు గింజల్లోనూ జీవం ఉంది, అసలు హింస చెయ్యనివాడు ఎవడు అంటాడు ధర్మవ్యాధుడు. ఈ కథ చెబితే మావయ్యకు చాలా నచ్చింది. "చూశావా తల్లీ, నేను కొట్టకపోతే ఇంకొకడు కొడతాడు. నాకు కూలి పోవడమే గానీ చెట్టు మిగలదు" అన్నాడు.

నాకు ఆ మాట నచ్చలేదు. ధర్మవ్యాధుడు అలా అనలేదు. 'ఇంకొకడు చేస్తాడు' అంటే లోకంలో ఏ పనైనా చెయ్యొచ్చు. 1730లో రాజస్థాన్‌లోని ఖేజర్లీలో జోధ్‌పూర్ రాజు మనుషులు జమ్మిచెట్లు కొట్టడానికి వచ్చారు. అమృతాదేవి చెట్టును కౌగలించుకుని ప్రాణం ఇచ్చింది. ఆమెతో కలిపి 363 మంది బిష్ణోయీలు చనిపోయారు. గొడ్డలి పట్టుకున్నవాళ్లందరూ 'నేను కాకపోతే ఇంకొకడు' అనుకునే ఉంటారు. మావయ్యకు ఇది చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాజు మాట కాదంటే వాళ్ల మెడలు కూడా ఉండేవి కావేమో. నాకు ఆ భయం లేదులే" అన్నాడు.

భయం లేనప్పుడు ఏం చెయ్యగలడు? ఈ మధ్య ఒక ఇంటివాళ్లు వేపచెట్టు కొట్టెయ్యమని పిలిచారు. ఇంటి మీద పడుతుందేమోనని వాళ్ల భయం. మావయ్య తట్టి చూసి, చెట్టు గట్టిగా ఉంది, ఇంటి వైపు కొమ్మలు రెండు తీసేస్తే చాలు అన్నాడు. చెట్టు మొత్తం కొడితే వచ్చే కూలిలో సగం కూడా రాలేదు. అత్త ఆ రోజు ఊరుకోలేదు. "ఏటి, నీకు వేపచెట్టు చుట్టమా?" అని అడిగింది. అత్త కోపంలోనూ న్యాయం ఉంది, ఎందుకంటే ఇల్లు నడపాల్సింది ఆమె.

నాకు అర్థమైంది ఏమిటంటే, కొట్టమన్నవాడికి చెట్టు గురించి తెలియదు. కొట్టేవాడికి తెలుసు. తెలిసినవాడు తెలిసింది చెప్పాలి, తనకు నష్టమైనా. చెప్పాక కూడా యజమాని వినకపోతే ఆ భారం ఎక్కువగా యజమానిదే. చెప్పకుండా కూలి కోసం కొట్టేస్తే మాత్రం ఇద్దరిదీ.

ఇంకో సంగతి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మన గోపాలపురం దగ్గరే తీరం దాటింది. నేను అప్పుడు చిన్నదాన్ని, ఇంట్లోవాళ్లు చెప్పగా విన్నాను. 2018లో తిత్లీ మాత్రం నాకు గుర్తుంది. అలాంటప్పుడు రోడ్ల మీద పడిన చెట్లు కోస్తే గానీ అంబులెన్సు కదలదు. నిలబడిన చెట్టు కంటే పడిన చెట్టే ప్రమాదం అంటాడు మావయ్య. విల్లులా వంగి ఉన్న కొమ్మను నొక్కుకుపోయిన వైపు ముందు కొంచెం కోసి, తర్వాతే సాగిన వైపు కొయ్యాలి. తారుమారైతే అది ఎగిరి తంతుంది. వేళ్లతో పెకిలిన చెట్టు మాను కోసేస్తే, మొదలు మళ్లీ లేచి గోతిలో కూర్చుంటుంది. అందుకే ఆ గోతిలోకి పిల్లల్ని దిగనివ్వరు. ఆ రోజుల్లో మావయ్యకు అందరూ టీలు ఇచ్చారట. పాపం మాట ఎవరూ ఎత్తలేదట. అదే రంపం, అదే మనిషి.

చెట్టు కొట్టిన పాపంలో యజమానికి వాటా ఉందా అని ఇంతసేపు ఆలోచించాను గానీ, ప్రమాదంలో అతనికి వాటా ఉందా అన్నది కూడా అడగాలి. మావయ్యతో పనిచేసే ఒకాయన కొమ్మ మీంచి పడి నడుం విరిగింది. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. పిలిచినవాళ్లు ఆ రోజు కూలి ఇచ్చి పంపేశారు. కూలి మాట్లాడుకునేటప్పుడు, పడితే వైద్యం ఎవరు చూస్తారన్న మాట ఎవరూ ఎత్తరు. ఈ మధ్య మావయ్య ఆ మాట ముందే అడగడం మొదలుపెట్టాడు. అడిగినందుకు ఇప్పటికి ఇద్దరు వేరేవాళ్లను పిలుచుకున్నారు. ఒకాయన మాత్రం ఒప్పుకున్నాడు.