బడిలో వదిలిన బిడ్డకు బాధ్యులెవరు?

పసివాడైన కొడుకు యూసుఫ్‌ను అన్నల వెంట పంపడానికి హజ్రత్ యాఖూబ్ (అలైహి) వెనుకాడిన సందర్భం దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా ఆరంభంలోనే వస్తుంది. రేపు వాణ్ణి మాతో పంపితే హాయిగా ఆడుకుంటాడని, తాము కంటికి రెప్పలా చూసుకుంటామని అన్నలు నమ్మబలికారు. ఆ తండ్రి తన భయాన్ని దాచుకోలేదు. వాళ్ళు ఏమరుపాటుగా ఉన్న వేళ తోడేలు బిడ్డను తినేస్తుందేమోనని అన్నారు. ఇంతమందిమి ఉండగా తోడేలు ఎలా తింటుందన్నది వాళ్ళ జవాబు. ఆ రాత్రి వాళ్ళు ఏడుస్తూ వచ్చి, అబద్ధపు రక్తం పూసిన చొక్కాను సాక్ష్యంగా చూపించారు.

ఈ వృత్తాంతంలో మనం తరచూ దాటిపోయే సంగతి ఒకటి ఉంది. యాఖూబ్ (అలైహి) తోడేలుకు ఎంత భయపడ్డారో, అప్పగింత పుచ్చుకున్నవారి ఏమరుపాటుకూ అంతే భయపడ్డారు. తోడేలు అడవిలో ఎప్పుడూ ఉంటుంది. దాని స్వభావం అది. కాపలా ఉన్నవాడు అటు తిరిగినప్పుడే అది మంద దగ్గరకు వస్తుంది. ఇక అన్నల జవాబు చూడండి. చాలా మందిమి ఉన్నాం అన్నదే వాళ్ళ హామీ. ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు అన్న మాట అందులో లేదు.

ఏటా జూన్ రెండో వారంలో మన విజయనగరంలో బడులు తెరుచుకుంటాయి. ఆ రోజు ప్రతి బడి గేటు దగ్గరా ఇలాంటి అప్పగింతే జరుగుతుంది. తండ్రి బిడ్డ చెయ్యి వదులుతాడు, లోపల ఎవరో పట్టుకుంటారు. సాయంత్రం వరకు ఆ బిడ్డ తాగే నీరు, నడిచే మెట్లు, కూర్చునే కప్పు, ఎక్కే ఆటో, ఎదురయ్యే మనుషులు అన్నీ ఇతరుల చేతిలో ఉంటాయి. కొండ ప్రాంతాల్లో అయితే ఆ అప్పగింత ఒక్క పూటకు కాదు, నెలల తరబడి. సవర, జాతాపు గూడేల నుంచి వచ్చిన తల్లిదండ్రులు ఆడపిల్లలను ఆశ్రమ పాఠశాలలోనో గురుకులంలోనో వదిలి, పండుగ సెలవులకు మళ్ళీ వస్తారు. నీళ్ళ ట్యాంకు మూత తీసి చూసే అవకాశం గానీ, అడిగే ధైర్యం గానీ వాళ్ళకు ఉండదు.

2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు వ్యాపించాయి. వందకు పైగా బాలికలు ఆసుపత్రుల పాలయ్యారు, ఇద్దరు చనిపోయారు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడే వరకు కురుపాం మన విజయనగరం జిల్లాలోనిదే. జిల్లా విడిపోవడానికి నెల ముందు, అదే కురుపాంలో ఒక బీసీ గురుకుల వసతిలో పిల్లలను పాము కాటు వేయగా ఒక బాలుడు మరణించాడు. ఈ రెండు ఘటనల్లో ఎవరి తప్పు ఎంత అన్నది విచారణ జరిపేవారు తేల్చవలసిన విషయం. అందులో తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. మా ప్రశ్న వేరు. ప్రధానోపాధ్యాయుడు, వార్డెను, మండల విద్యాధికారి, జిల్లా విద్యాధికారి, సంక్షేమ శాఖ, గిరిజనాభివృద్ధి సంస్థ, తల్లిదండ్రుల కమిటీ. ఒక బిడ్డ చుట్టూ ఇంతమంది ఉన్నప్పుడు, దైవం ముందు ఆ బిడ్డ గురించి సమాధానం చెప్పవలసినవారు ఎవరు? బాధ్యతను ఏడుగురు పంచుకుంటే ఒక్కొక్కరి వంతుకు ఏడో పాలే వస్తుందా?

లోకంలో సాధారణంగా అలాగే అనుకుంటాం. ఫైలు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తిరుగుతుంది, తిరిగినకొద్దీ బరువు తగ్గుతుంది. మన ధర్మం చెప్పేది వేరు. దైవప్రవక్త (స) ప్రతి మనిషినీ కాపరిగా పేర్కొన్నారు. పాలకుడు మొదలు యజమాని సొత్తు చూసే సేవకుని వరకు అందరినీ వరుసగా ప్రస్తావించి, ఎవరికి అప్పగించిన మంద గురించి వారినే అడగడం జరుగుతుందని హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). పాలకుడు ఉన్నాడు కదా అని సేవకుణ్ణి ఆ వరుసలోంచి తీసివేయలేదు. ఒకరి భారాన్ని మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ పదే పదే గుర్తు చేసే సూత్రం. పై అధికారి చెప్పాడని కింది వాడు, కింది వాడు రాసిచ్చాడని పై అధికారి ఆ రోజు తప్పించుకోలేరు. ఏడుగురు ఉంటే ఏడు పూర్తి ప్రశ్నలు ఉంటాయి.

ఇక్కడ న్యాయంగా ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. ఒక జిల్లా విద్యాధికారి కింద వేల సంఖ్యలో బడులు ఉంటాయి. మండల విద్యాధికారికి తన మండలంలోని బడులతో పాటు భోజన పథకం, పుస్తకాలు, యూనిఫారాలు, సమావేశాలు, అంతులేని సమాచార పత్రాలు ఉంటాయి. ప్రతి బడి మరుగుదొడ్డినీ, ప్రతి కరెంటు తీగనూ ఆయన స్వయంగా చూడాలంటే అది మనిషి వల్ల అయ్యే పని కాదు. అల్లాహ్ ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం వేయడు (అల్ బఖర: 286). మరి ఆ అధికారిని దేని గురించి అడుగుతారు?

ఆయన సంతకం గురించి అడుగుతారని మేము భావిస్తున్నాం.

ఎందుకంటే తనిఖీ నివేదిక ఒక సాక్ష్యం. నీరు బాగుంది, కప్పు గట్టిగా ఉంది, మంటలార్పే పరికరం పని చేస్తోంది అని రాసి కింద పేరు పెట్టడం అంటే, నేను చూశాను అని చెప్పడమే. చూడకుండా ఆ మాట చెబితే దాని పేరేమిటి? ఘోరమైన పాపాలు ఏవో చెబుతున్నప్పుడు దైవప్రవక్త (స) ఆనుకుని కూర్చున్నవారు ఒక్కసారిగా నిటారుగా లేచి కూర్చుని, అబద్ధపు సాక్ష్యం గురించి పదే పదే హెచ్చరించారు. ఇక చాలిస్తే బాగుండునని సహచరులు అనుకునేంతగా ఆ మాటను తిరిగి తిరిగి చెప్పారు (బుఖారీ). మనం ఆ హదీసును కోర్టు బోనుకే పరిమితం చేసుకున్నాం. తెలియని దాని వెంట పడవద్దనీ, వినికిడి, చూపు, మనసు అన్నిటినీ ప్రశ్నించడం జరుగుతుందనీ ఖుర్ఆన్ చెప్పిన చోట (బనీ ఇస్రాయీల్: 36) కోర్టు ప్రస్తావనే లేదు. కార్యాలయంలో కూర్చుని నింపిన నమూనా పత్రం కూడా ఆ ఆయతు పరిధిలోకే వస్తుంది. యూసుఫ్ సోదరులు తెచ్చిన చొక్కాలాంటిదే అది కూడా. ఆ చొక్కా ఎక్కడా చిరగకపోవడం చూసి యాఖూబ్ (అలైహి) అనుమానించారని వ్యాఖ్యాతలు రాశారు. మన రిజిస్టర్లు కూడా చాలాసార్లు ఎక్కడా చిరగకుండానే ఉంటాయి.

చూడలేకపోయిన అధికారికి ఒక మార్గం ఉంది. ఆ గడిలో "చూడలేదు" అని రాయడం. అది నేరం కాదు, అసమర్థతా కాదు. ఆ ఒక్క మాట పైవారికి చేరితే మనిషి చాలలేదనీ, బండి చాలలేదనీ తెలుస్తుంది, ఇంకొకరిని పంపవలసిన బాధ్యత వారిపై పడుతుంది. "బాగుంది" అని రాస్తే మాత్రం ఆ ట్యాంకు గురించి ఇక ఎవరూ ఆలోచించరు. అలాంటి కాగితం లేకపోవడం కంటే ఉండడమే ఎక్కువ ప్రమాదం.

కామెర్ల సంగతే తీసుకోండి. హెపటైటిస్-ఏ రకం కామెర్లు మలినమైన నీరు, ఆహారం ద్వారా వస్తాయి. ఆ నీరు తాగిన రెండు నుంచి ఆరు వారాలకు గానీ కళ్ళు పచ్చబడవు. పిల్ల పడిపోయిన రోజున నీటిని పరీక్షించి లాభం తక్కువ. ఆ నీరు నెల కిందటే కడుపులోకి వెళ్ళిపోయింది. నెల కిందట ఎవరూ పట్టించుకోని ఆ మామూలు రోజున చూసిన చూపే బిడ్డను కాపాడాలి. రాత్రిపూట పాత్రలపై మూతలు పెట్టండి, నీటి తిత్తుల మూతి కట్టండి అని మన ప్రవక్త (స) ఆదేశించిన హదీసు (ముస్లిం) మన పిల్లలకు కంఠతా వచ్చు. దాన్ని ఇంటి మర్యాదగా నేర్పుతున్నాం గానీ, అది ప్రాణాలకు సంబంధించిన ఆజ్ఞ అని చెప్పడం లేదు.

నిప్పు విషయమూ అంతే. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు మనుషులతో సహా కాలిపోయినప్పుడు, ఆ వార్త విన్న ప్రవక్త (స) నిప్పును శత్రువుగా పేర్కొని, పడుకునే ముందు ఆర్పివేయమన్నారు (బుఖారీ, ముస్లిం). తమిళనాడులోని కుంభకోణంలో 2004 జూలై 16న ఒక పాఠశాల వంటగదిలో రేగిన మంట పై అంతస్తు పూరి కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలను బలి తీసుకుంది. పదేళ్ళ తరువాత 2014 జూలైలో తంజావూరు న్యాయస్థానం 10 మందిని దోషులుగా తేల్చి, విద్యాశాఖ అధికారులు సహా 11 మందిని విడిచిపెట్టింది. 2017లో హైకోర్టు ఆ శిక్షలను కూడా చాలా వరకు తగ్గించడమో రద్దు చేయడమో జరిగింది. ఆ దుర్ఘటన పైనే వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో, విద్యాహక్కు అంటే సురక్షితమైన బడిలో చదివే హక్కు కూడా అని తీర్పు చెప్పింది. తీర్పు మంచిదే. లోకంలోని న్యాయస్థానం సాక్ష్యాధారాలు ఉన్నంత మేరకే పోగలదు. మిగిలిన లెక్క ఎక్కడ తేలుతుందో విశ్వాసులకు తెలుసు.

ఇలాంటి మరణాల తరువాత మన నోటి నుంచి వచ్చే మాట ఒకటుంది. అంతా విధిరాత, అల్లాహ్ రాసిపెట్టాడు అంటాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ విశ్వాసం కన్నా గొప్ప ఓదార్పు లేదు, అది సత్యమే. అదే మాటను ట్యాంకు కడగనివాడు అంటే అది విశ్వాసం కాదు, సాకు. సిరియా ప్రయాణంలో ముందు ప్లేగు ఉందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే పోతున్నామని బదులిచ్చారు. ఒక లోయకు ఒకవైపు పచ్చిక, ఒకవైపు బీడు ఉంటే ఒంటెలను ఎటు తోలుతావని ఎదురు ప్రశ్న వేశారు (బుఖారీ). ఇక్కడ కూడా ఉదాహరణ కాపరిదే కావడం గమనించదగ్గది.

ఇంకో మూసిన తలుపు ఉంది. బడిలో గానీ, వసతి గృహంలో గానీ ఒక బిడ్డపై అఘాయిత్యం జరిగినట్లు తెలిస్తే, సంస్థ పరువు పోతుందని పెద్దలు లోపలే సర్దిపుచ్చడం చూస్తుంటాం. సాటివాని లోపాన్ని కప్పిపుచ్చినవాని లోపాన్ని అల్లాహ్ కప్పుతాడన్న హదీసును కూడా దీనికి వాడుకునేవారున్నారు. ఆ హదీసు తన ఆత్మకు తాను ద్రోహం చేసుకున్నవాని గురించి చెప్పింది. మరొకరి బిడ్డను గాయపరచినవాణ్ణి దాచడం కప్పిపుచ్చడం కాదు, చేయి కలపడం. దౌర్జన్యం చేసే సోదరునికి సహాయపడడం అంటే అతని చేయి పట్టి ఆపడమేనని ప్రవక్త (స) వివరించారు (బుఖారీ). 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసి ఫిర్యాదు చేయకపోవడం కూడా నేరమే. సంస్థ అధిపతి తన సిబ్బంది చేసిన నేరాన్ని దాచితే ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉందని మన ఇళ్ళలో ఎంతమంది పిల్లలకు తెలుసు?

ఇంతసేపూ ప్రభుత్వ బడుల గురించే మాట్లాడుతూ, మన గడప లోపలి సంగతి వదిలేస్తే న్యాయం కాదు. 2009 విద్యాహక్కు చట్టం బడుల్లో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2012లో వచ్చిన సవరణతో ఆ చట్టం మదర్సాలకు, వేద పాఠశాలలకు వర్తించకుండా పోయింది. మన స్వేచ్ఛ నిలిచిందని అప్పుడు చాలామంది సంతోషించారు. చట్టం మినహాయించింది సరే, షరీఅత్ మినహాయించిందా? హజ్రత్ అనస్ (రజి) బాలుడిగా వచ్చి పదేళ్ళు ప్రవక్త (స) సేవలో ఉన్నారు. ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా తనను విసుక్కోలేదని ఆయన సాక్ష్యమిచ్చారు (బుఖారీ, ముస్లిం). ఆ ప్రవక్త (స) అనుచరుల మదర్సాలో బెత్తం గోడకు ఎందుకు వేలాడుతున్నట్టు? వెలుపలికి వెళ్ళే రెండో దారి ఉందా? రాత్రి పిల్లల దగ్గర పడుకునే పెద్ద ఎవరు? ఈ ప్రశ్నలు అడగడానికి ఏ విద్యాధికారీ రాడు గనక అడిగే బాధ్యత పూర్తిగా మన కమిటీలదే.

ఈ వ్యాసం రాయడానికి కూర్చునే ముందు, ఒక రోజు అసర్ నమాజు తరువాత మేము మా మక్తబ్ మేడ ఎక్కాం. పిల్లలు వజూ చేసేదీ, తాగేదీ ఆ ట్యాంకు నీళ్ళే. మూత సగం విరిగి పక్కన పడి ఉంది. నీటిపై ఆకులు, అడుగున వండ్రు. కిందికి దిగి రిజిస్టరు చూస్తే, ఆ నెల గడిలో శుభ్రం చేసినట్లు రాసి ఉంది. కింద సంతకం మాదే. నెలాఖరున నాలుగైదు కాగితాలతో పాటు దాన్ని కూడా సంతకానికి తెచ్చినట్టు లీలగా గుర్తుంది, మేడ ఎక్కినట్టు గుర్తు లేదు. మర్నాడే ట్యాంకు కడిగించి కొత్త మూత కొన్నాం. రిజిస్టరులో పాత మాట కొట్టివేసి, "చూడలేదు" అని రాసి, ఆ కొట్టివేత పక్కన మళ్ళీ సంతకం చేశాం. పిల్లలను పంపే తల్లిదండ్రులకు వచ్చే జుమా తరువాత ఈ సంగతి చెప్పవలసి ఉంది. ఎలా చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాం.